ఈడేల్ నడక, పబ్‌లో భోజనం: తాగనివాళ్లు, గుడ్డు తినని అమ్మగారు, ఆరేళ్ల పాప

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మాంచెస్టర్‌లో ఉంటున్నారు. ఊరి నుంచి అమ్మానాన్న వచ్చారు, ఆరేళ్ల పాప ఉంది. పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో నడక పెట్టుకుంటే పల్లెటూరి పబ్‌లో భోంచేసి రమ్మని ఆఫీసు వాళ్లు చెప్పారు. పబ్ మాట వినగానే నాన్నగారు వద్దన్నారు. మీరు తాగరు, అమ్మగారు గుడ్డు కూడా ముట్టరు. వెళ్లొచ్చా, పాపని రానిస్తారా, ఏం తినాలి, అక్కడ ఎలా మసలుకోవాలి?

వెళ్లొచ్చు, నిక్షేపంగా వెళ్లండి. నేను షెఫీల్డ్ వైపు చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఇండియా నుంచి వచ్చిన చుట్టాల్నీ, కొత్తగా దిగిన స్టూడెంట్లనీ ఆ కొండల్లో తిప్పే పని ఎలాగో నా నెత్తిన పడింది. నేను చూసినంతలో మనవాళ్ల రోజు పాడైతే అది తాగుడు వల్లో, అక్కడి మనుషుల వల్లో కాదు, వేళ తప్పడం వల్ల. అందరూ ముందు నడక ప్లాన్ చేసుకుంటారు, అది అయ్యాక పబ్ అనుకుంటారు. మీరు దాన్ని తిరగేయండి. వంటగది ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో ముందు కనుక్కుని నడకని దానికి తగ్గట్టు కత్తిరించుకోండి.

నాన్నగారి సంగతి ముందు. ఆయన మనసులో ఉన్నది బహుశా జూబ్లీహిల్స్ పబ్: చీకటి, డీజే, గుమ్మం దగ్గర బౌన్సర్లు. ఇక్కడి పల్లెటూరి పబ్‌లో మధ్యాహ్నం పూట ఆయనకి కనిపించేది వేరు. రాతి గోడలు, తల వంచి నడవాల్సిన దూలాలు, చలికాలమైతే మండుతున్న పొయ్యి. ఓ మూల రిటైరైన దంపతులు సూప్ తాగుతుంటారు, ఇంకో టేబుల్ మీద పిల్లలు రంగులు వేసుకుంటుంటారు, కింద తడిసిన కుక్క ఒకటి నిద్రపోతుంటుంది. టీ, కాఫీ దొరుకుతాయి. సగం మంది చేతిలో బీరు ఉన్న మాట నిజమే, దాన్ని దాచక్కర్లేదు. కానీ తాగి తూలే మనిషి కొండ దగ్గర మధ్యాహ్నం పూట కనబడడం అరుదు. రైలెక్కే ముందు ఇవన్నీ నాన్నగారికి చెప్పేయండి. "పబ్ కాదు నాన్నా, రెస్టారెంటే" అని మభ్యపెట్టి తీసుకెళ్లొద్దు. గుమ్మం దాటగానే ఆయనకి తెలిసిపోతుంది, ఆ తర్వాత రోజంతా మూడ్ పోతుంది.

ఎక్కడికి వెళ్లాలంటే, మీకు అక్కడి ఈడేల్ అనే పల్లె సరిపోతుంది. కారు అక్కర్లేదు. మాంచెస్టర్ పికడిల్లీ నుంచి షెఫీల్డ్ వెళ్లే హోప్ వ్యాలీ లైన్‌లో ముప్పావు గంట ప్రయాణం. స్టేషన్ దిగిన కొద్దిసేపటికే రాంబ్లర్ అనే పబ్ వస్తుంది. అదే రోడ్డున పది పన్నెండు నిమిషాలు పైకి నడిస్తే ఊరి చివర ఓల్డ్ నాగ్స్ హెడ్ అనే ఇంకో పబ్. దీన్ని కట్టింది 1577లో అంటారు. పెనైన్ వే అనే సుదూర నడకదారి అధికారికంగా మొదలయ్యేది దీని ఎదురుగానే. ఆగే రైళ్లు తక్కువ కాబట్టి తిరుగు రైలు వేళలు పొద్దున్నే ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. లోయలో సిగ్నల్ చాలాచోట్ల ఉండదు.

వంటగది సంగతి. ఇక్కడ చాలా పబ్బుల్లో బార్ రోజంతా తెరిచే ఉంటుంది, వంట మాత్రం అలా కాదు. పన్నెండుకి మొదలుపెట్టి రెండు, రెండున్నరకి ఆపేస్తారు, మళ్లీ సాయంత్రం ఐదున్నరకో ఆరుకో. మధ్యాహ్నం మన గుళ్లు తలుపులు వేసినట్టే, ఆ మధ్యలో వెళ్లి ఎంత బతిమాలినా లాభం లేదు. కొన్నిచోట్ల వారాంతాల్లో రోజంతా వండుతారు, కొన్ని శీతాకాలంలో సోమ, మంగళవారాలు పూర్తిగా మూసేస్తాయి. ఆదివారమైతే రోస్ట్ ఒక్కటే పెట్టి, అది అయిపోగానే ముగించే చోట్లూ ఉన్నాయి. కాబట్టి ముందురోజు ఫోన్ చేయండి. "రేపు ఎన్నింటి వరకు భోజనం? ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పాపతో కలిపి ఐదుగురం, పన్నెండున్నరకి టేబుల్ దొరుకుతుందా? మాలో ఒకరు గుడ్డు, మాంసం తినరు, ఏముంటాయి? కుక్కలు లేని గది ఉందా?" ఇంతే. ఎండ కాసిన ఆదివారం ఈడేల్‌లో ఈ ఫోన్ చేయకుండా వెళ్తే టేబుల్ మీద ఆశ వదులుకోవడమే.

ఇక నడక. పదింటి ప్రాంతంలో ఈడేల్‌లో దిగేలా చూసుకోండి. మామ్ టార్ కొండ ఎక్కి ఫొటోలు దిగాలని మీకు ఉంటుంది, ఎత్తు 517 మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ స్టేషన్ వైపు నుంచి గట్టు మీది హాలిన్స్ క్రాస్ దాకా ఎక్కడం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి హింస. ఆ శిఖరం మీద గాలి కూడా మామూలుగా ఉండదు. పెద్దవాళ్లతో లోయ అడుగునే నడవండి. ఓల్డ్ నాగ్స్ హెడ్ ఎదురుగా పెనైన్ వే పలక చూసుకుని పడమటి వైపు పొలాల్లోంచి అప్పర్ బూత్ అనే చిన్న పల్లె దాకా వెళ్లి, అక్కణ్ణుంచి రోడ్డు మీదుగా బార్బర్ బూత్ వచ్చి, మళ్లీ పొలాల దారిన ఈడేల్ చేరండి. మొత్తం ఐదారు కిలోమీటర్లు. పాపతో, అమ్మానాన్నలతో రెండు రెండున్నర గంటలు. కుడివైపు కిండర్ స్కౌట్ అనే కొండ గోడలా నిలబడి ఉంటుంది, ఎడమవైపు మామ్ టార్ నుంచి సాగే గట్టు మొత్తం కనిపిస్తుంది. నన్నడిగితే పైకెక్కి చూసేదానికంటే కింది నుంచే ఆ లోయ అందం. దారిలో ఒక్కరే పట్టే ఊగుడు గేట్లుంటాయి, తీసిన ప్రతి గేటూ మూయండి. గొర్రెలు వాటంతట అవే పక్కకి తప్పుకుంటాయి. దూడలతో ఉన్న ఆవుల మధ్యలోంచి మాత్రం వెళ్లకండి, చుట్టూ తిరిగి వెళ్లండి.

అమ్మగారికి చీర మీద ఊరి రోడ్డు మీద నడవడం పర్వాలేదు గానీ ఈ పొలాల్లో బురద అంచుకి అంటుతుంది, పంజాబీ డ్రెస్ నయం. మీరు జీన్స్ వేసుకోకండి, తడిస్తే ఆరదు. అందరికీ పట్టున్న షూ, ఒక్కో జత పొడి సాక్స్ సంచిలో. ఆ సాక్స్ ఎందుకో చెప్తాను.

నడిచొచ్చిన షూకి చీలమండల దాకా బురద ఉంటుంది. నడిచేవాళ్లకి అలవాటుపడ్డ పబ్బుల్లో ముందు గదికి రాతి నేల ఉంటుంది, అక్కడ బూట్లతో రానిస్తారు. కార్పెట్ పరిచిన భోజనాల గదికి రానివ్వరు. గుమ్మం పక్కన బూట్ల బురద గీకే ఇనప పట్టీ ఉంటే గీకండి. బోర్డు ఏదైనా పెట్టారేమో చూడండి. అనుమానంగా ఉంటే షూ విప్పి వరండాలో పెట్టి సాక్స్‌తో లోపలికి వెళ్లండి. ఇంగ్లీషువాళ్లు కూడా అలాగే చేస్తారు, ఎవరూ వింతగా చూడరు. ఇక్కడ మనకి పుట్టుకతో వచ్చిన అలవాటే పనికొస్తుంది. తడి జాకెట్లు కుర్చీల మీద ఆరేయకుండా కొక్కేలకి తగిలించండి.

లోపలికెళ్లగానే కొందరు తలెత్తి చూస్తారు. చిన్న ఊళ్లో తలుపు తెరుచుకుంటే ఎవరొచ్చారా అని చూడడం సహజం, అది రెండు సెకన్ల పని. చిన్న నవ్వు, ఒక "హలో" చాలు. కాసేపటికి పక్క టేబుల్ వాళ్లే "ఎంత దూరం నడిచారు?" అని కదిపే అవకాశం ఎక్కువ. ఇంగ్లండ్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట కలపడానికి ఇంతకంటే తేలికైన చోటు లేదు, రైల్లో పక్క సీటు మనిషి గంటసేపు నోరు విప్పడు. నాన్నగారికి ఇంగ్లీషు ధైర్యంగా మాట్లాడే అలవాటుంటే వదిలేయండి, వాతావరణం మీద మొదలుపెట్టి గోదావరి దాకా వెళ్లిపోతారు.

కుక్కలంటే భయముంటే ముందే చెప్పాలి. ఇలాంటి పబ్బుల్లో కుక్కలకి నీళ్ల గిన్నె, బార్ మీద బిస్కట్ల డబ్బా కూడా ఉంటాయి. ఎక్కువ భాగం తాడు కట్టి టేబుల్ కింద పడుకునేవే. అయినా పాప భయపడుతుందనుకుంటే కుక్కల్ని రానివ్వని గది అడగండి, చాలాచోట్ల ఒకటి ఉంటుంది.

ఇప్పుడు ఆర్డరు. కూర్చుని ఎవరో మెనూ పట్టుకొస్తారని ఎదురుచూస్తే సాయంత్రం దాకా అలాగే కూర్చుంటారు. ఖాళీ టేబుల్ చూసుకుని, దాని మీద నంబరు గుర్తుపెట్టుకుని, ఒకరు బార్ కౌంటర్ దగ్గరికి వెళ్లాలి. తాగేవీ తినేవీ అక్కడే చెప్పి, అప్పుడే డబ్బు కట్టేయాలి. డ్రింకులు మీరే చేత్తో తెచ్చుకుంటారు, భోజనం వాళ్లు తెచ్చిస్తారు. కొన్నిచోట్ల భోజనాల గదిలో టేబుల్ దగ్గరికే వచ్చి రాసుకుంటారు, కాబట్టి లోపలికెళ్లగానే ఆర్డరు ఎక్కడివ్వాలో అడిగేస్తే సరి. టేబుల్ మీద రిజర్వ్‌డ్ కార్డు ఉంటే కూర్చోకండి. పెద్ద టేబుల్‌కి ఒక చివర ఎవరైనా ఉంటే అడిగి రెండో చివర కూర్చోవచ్చు.

కౌంటర్ దగ్గర క్యూ కనిపించదు గానీ క్యూ ఉంటుంది. ఎవరు ముందొచ్చారో అక్కడ నిలబడ్డ అందరికీ గుర్తుంటుంది, బార్ వెనక మనిషికి ఇంకా బాగా గుర్తుంటుంది. కార్డు ఊపడం, "ఎక్స్‌క్యూజ్ మీ" అని కేకేయడం చేస్తే మీ వంతు వెనక్కి పోతుందే తప్ప ముందుకు రాదు. వాళ్ల కంట పడేలా నిలబడితే చాలు. మీకంటే ముందొచ్చిన వాళ్లుండగా మిమ్మల్ని అడిగితే "ఆయన ముందు" అని చూపించండి. ఆ ఒక్క మర్యాదతో గదంతా మీవైపు అయిపోతుంది.

తాగే వాటిలో మనవాళ్లు పొరబడేవి కొన్ని ఉన్నాయి. ఇంగ్లండ్‌లో సైడర్ అంటే ఆపిల్ జ్యూస్ కాదు, ఆల్కహాల్ ఉన్నదే, చాలాసార్లు బీరు కంటే ఘాటు. షాండీలో సగం బీరే. జింజర్ బీర్ మామూలుగా ఆల్కహాల్ లేనిదే అయినా కొన్ని బ్రాండ్లలో ఉంటుంది, అడిగి తీసుకోండి. చలికాలంలో వేడివేడిగా మసాలా వాసనతో ఇచ్చే మల్డ్ వైన్ వైనే, కషాయం కాదు. తాగనివాళ్లకి చవకైనదీ, నడిచొచ్చాక హాయిగా ఉండేదీ లైమ్ అండ్ సోడా. పాపకి ఆరెంజ్ స్క్వాష్ అడగండి. మంచినీళ్లకి మొహమాటం వద్దు, మద్యం అమ్మే లైసెన్సున్న చోట అడిగిన కస్టమర్‌కి కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలని ఇంగ్లండ్‌లో చట్టమే ఉంది. తాగట్లేదని ఎవరూ కారణం అడగరు. కారు తోలుకొచ్చిన వాళ్లు, మందులు వాడేవాళ్లు, మానేసినవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు.

తాగే స్నేహితులు వెంట ఉంటే వాళ్లకి రెండు మాటలు. చేత్తో లాగే పంపు నుంచి వచ్చే ఏల్ అనే బీరు ఫ్రిజ్ చల్లదనంతో ఉండదు, నేలమాళిగలో 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉంచుతారు, తీరే అంత. పైంటు అంటే 568 మిల్లీలీటర్లు. హాఫ్ అడగడం నామోషీ కాదు. ఏది తీసుకోవాలో తేలకపోతే రుచి చూడ్డానికి ఒక గుక్క పోసిస్తారు. శాకాహారం కచ్చితంగా పాటించేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి: సంప్రదాయంగా ఈ ఏల్‌ని తేటపరచడానికి ఐసింగ్లాస్ వాడతారు, అది చేపల గాలితిత్తి నుంచి తీసే పదార్థం. వాడనివి కూడా వస్తున్నాయి, వాటిని వీగన్ (జంతువుల నుంచి వచ్చేదేదీ లేనిది) అనో అన్‌ఫైన్డ్ అనో రాసి ఉంచుతారు.

అసలు విషయం తిండి. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మెనూలో పేర్లు చూసి లోపలేముందో తెలియదు. "పై" అంటే లోపల కూర పెట్టి కాల్చిన వంటకం. స్టేక్ అండ్ ఏల్ పై, కాటేజ్ పై, లసాన్యా, చిల్లీ కాన్ కార్నే, ఇవన్నీ ఆవు మాంసమే. ఏ మాంసమో చెప్పకుండా మిన్స్ అని రాస్తే అది కూడా సాధారణంగా బీఫే. షెపర్డ్స్ పై, లాంకషైర్ హాట్‌పాట్ గొర్రె. గామన్, కంబర్లాండ్ సాసేజ్, బ్యాంగర్స్ అండ్ మ్యాష్ పంది. బ్లాక్ పుడింగ్ స్వీటు కాదు, పంది నెత్తురుతో చేస్తారు. గేమ్ పై అంటే వేట మాంసం, జింకో ఫెజంట్ పక్షో. స్కాంపీ అంటే రొయ్యలాంటి దానికి బ్రెడ్ పొడి పట్టించి వేయించింది, రొయ్యలు తినే కోస్తావాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. బార్ మీద చిప్స్ ప్యాకెట్ల పక్కనే వేలాడే పోర్క్ స్క్రాచింగ్స్ పంది తోలు వేపుడు, పాప చేతికి అందనివ్వకండి. క్రిస్మస్ రోజుల్లో కనిపించే మిన్స్ పై మాత్రం మాంసం కాదు, ఎండుపళ్ల తీపి పదార్థం. అందులో కూడా ఆవు కొవ్వు పడే అవకాశం ఉంది కాబట్టి అడగాలి.

అమ్మగారి విషయానికి వస్తే, వెజిటేరియన్ అంటే వీళ్ల లెక్కలో గుడ్డు ఉన్నట్టే. యార్క్‌షైర్ పుడింగ్‌లో గుడ్డు, వెజ్ బర్గర్‌లో గుడ్డు ఉండొచ్చు, ఐస్‌క్రీమ్, కేకుల సంగతి చెప్పక్కర్లేదు. "నో ఎగ్" అని వివరించే బదులు వీగన్ అని రాసినవే చూడండి. మెనూలో వీ అక్షరం ఒక్కటే ఉంటే వెజిటేరియన్, వీజీ అనో వీఈ అనో ఉంటే వీగన్. వీగన్ వంటకం ఒకటి తీసుకుని పక్కన వెన్న విడిగా అడిగితే మన పద్ధతి శాకాహారం వచ్చేసినట్టే. ఇంగ్లండ్ ఉత్తరభాగంలో బంగాళాదుంప చిప్స్‌ని ఆవు కొవ్వులో వేయించే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. నూనెలోనే వేయించినా చేపలు వేయించిన బాణలే కావొచ్చు. రోస్ట్ బంగాళాదుంపలకి బాతు కొవ్వు, గ్రేవీకి మాంసం రసం, సూప్‌కి చికెన్ స్టాక్ పడుతుంటాయి. ఈ నాలుగూ అడగండి. అడిగితే విసుక్కోరు. గుడ్డు, పాలు, చేప, గోధుమతో సహా 14 రకాల అలర్జీ పదార్థాల వివరాలు ఇవ్వడం చట్టం ప్రకారం వాళ్ల బాధ్యత, చాలాచోట్ల ఒక ఫైలే ఉంటుంది. కానీ జంతువుల కొవ్వు ఆ 14లో లేదు. కాబట్టి ఫైలు చూపించి సరేననిపించుకోకుండా వంటవాళ్లని కనుక్కోమనండి.

ఇంతా చేసి నేను అమ్మల కోసం చెప్పేది జాకెట్ పొటాటో విత్ బీన్స్. తొక్కతో కాల్చిన పెద్ద బంగాళాదుంప, మధ్యలో చీల్చి టమాటా రసంలో ఉడికిన చిక్కుడు గింజలు. కాస్త తియ్యగా ఉంటుంది. సంచిలో కారప్పొడి పొట్లం ఉంటే పైన చల్లుకోండి, ఆ మాత్రానికి ఎవరూ ఏమీ అనరు. పబ్‌లో వెజిటబుల్ కర్రీ ఉందని సంబరపడి మాత్రం ఆర్డరు చేయకండి. సగం అన్నం, సగం చిప్స్‌తో వస్తుంది. వాళ్లకి అదో ఇష్టమైన జోడీ. మనకి రెంటికీ చెడ్డట్టు ఉంటుంది. మీరు గుడ్డు తింటారనుకుంటే చివర్లో స్టికీ టాఫీ పుడింగ్ ఒకటి తెప్పించి ఇద్దరు తినండి. ఖర్జూరంతో చేసిన మెత్తటి కేకు మీద వేడి టాఫీ పాకం. తడిసి వణుకుతూ వచ్చినప్పుడు దాన్ని మించింది లేదు. ఆల్కహాల్ చుక్క కూడా వద్దనుకునేవాళ్లకి ఇంకో మాట, చేప వేపుడు పిండిలో బీరు కలుపుతారు, ట్రైఫిల్ అనే తీపి వంటకంలో షెర్రీ వైన్ పడుతుంది. హలాల్ మాంసం ఈ పల్లెల్లో దొరుకుతుందని లెక్కపెట్టుకోవద్దు.

ఇంటి నుంచి పులిహోర తెస్తే అది కొండ దగ్గర, గడ్డి మీద కూర్చుని తినేయండి. పబ్ టేబుల్ మీద విప్పొద్దు, బయట తోటలోని బల్లల మీద కూడా వద్దు. అవి కూడా పబ్‌వే. మనవాళ్ల గుంపులకి చెడ్డపేరు వచ్చేది ఎక్కువగా దీనివల్లే: పన్నెండు మంది వచ్చి, రెండు కోకులు కొని, డబ్బాలు విప్పడం. పది మంది దాటితే ముందే చెప్పి వెళ్లాలి, ఆర్డరు కూడా ఒకరు కాగితం మీద రాసుకుని ఒకేసారి ఇవ్వాలి. ఒక్కొక్కరుగా వెళ్లి ఒక్కొక్క కార్డు గీకితే వెనక నిలబడ్డవాళ్ల ఓపిక నశిస్తుంది.

పాపని రానిస్తారు. పెద్దవాళ్లు వెంట ఉంటే మధ్యాహ్నం ఏ ఇబ్బందీ ఉండదు. రాత్రి ఎనిమిది, తొమ్మిది తర్వాత పిల్లలొద్దనే పబ్బులున్నాయి. బార్ కౌంటర్ దగ్గర మాత్రం పాపని నిలబెట్టకండి. మద్యం కొనే స్నేహితులు పాతికేళ్లలోపు వాళ్లలా కనిపిస్తే వయసు రుజువు అడుగుతారు, పాస్‌పోర్టో ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సో దగ్గరుంచుకోవాలి.

ఆఫీసు వాళ్లతో ఎప్పుడైనా వెళ్తే రౌండ్ల పద్ధతి ఉంటుంది. ఒకరు లేచి అందరికీ తెస్తారు, తర్వాత ఇంకొకరు. మీరు లైమ్ సోడాయే తాగినా మీ వంతు వచ్చినప్పుడు లేవాలి. అలా ఇష్టం లేకపోతే మొదటి రౌండుకి ముందే "నాది నేను తెచ్చుకుంటాను" అనేయండి, తప్పుగా అనుకోరు. నాలుగు తాగి వంతు రాగానే మాయమైన మనిషినే ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

కారులో వెళ్లే ఆలోచన ఉంటే రెండు సంగతులు. పబ్ పార్కింగ్ తినడానికి వచ్చినవాళ్లకి, పొద్దున్నే అక్కడ వదిలేసి కొండెక్కేవాళ్లకి కాదు. ఈడేల్‌లో డబ్బు కట్టే పెద్ద కార్ పార్క్ విడిగా ఉంది. రెండోది, ఇంగ్లండ్‌లో డ్రైవింగ్ పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్, మన దేశంలో 30. ఎక్కువ వదులిచ్చారు కదా అని ఒక పైంటు తాగి స్టీరింగ్ పట్టుకునే వాళ్లని చూశాను. ఆ లోయ రోడ్లు ఇరుకు, మలుపుల్లో గొర్రెలు, శీతాకాలం నాలుగింటికే చీకటి. డ్రైవ్ చేసేవాళ్లు అసలు ముట్టుకోకపోవడమే నా లెక్క. స్కాట్లండ్‌లో అయితే 2014 నుంచి పరిమితి 50కి తగ్గింది.

నాన్నగారికి చరిత్ర ఇష్టమన్నారు. భోజనం వచ్చేలోపు ఈ కథ చెప్పండి. భోజనానికి ముందు ఆయన చూసిన ఆ కిండర్ స్కౌట్ ఒకప్పుడు జమీందార్ల వేట మైదానం, మామూలు జనం అడుగు పెట్టకూడదు. వారమంతా మాంచెస్టర్ మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసి ఆదివారం ఒక్కరోజు గాలి పీల్చుకుందామనుకునే కుర్రకారుకి అది కోపం తెప్పించింది. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందల మంది అటువైపు హేఫీల్డ్ నుంచి బయల్దేరి, కాపలావాళ్లతో తోపులాడుకుని మరీ కొండెక్కారు. బెన్నీ రాత్‌మన్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు ముందున్నాడు. ఐదుగురికి జైలుశిక్ష పడింది. అది చూసి జనం మండిపడ్డారు, నడిచే హక్కు కోసం పోరాటం ఊపందుకుంది. 1949లో నేషనల్ పార్కుల చట్టం, 1951లో దేశంలోనే మొదటి నేషనల్ పార్కుగా ఇదే పీక్ డిస్ట్రిక్ట్. 1965లో పెనైన్ వే తెరిచారు. ఈడేల్‌లో మొదలై స్కాట్లండ్‌లోని కర్క్ యెథోమ్‌లో ముగుస్తుంది, 268 మైళ్లు. ఆ చివర కూడా ఒక పబ్బే, బోర్డర్ హోటల్. నడక పూర్తిచేసి వచ్చినవాళ్లకి అక్కడ అర పైంటు ఉచితంగా ఇచ్చే ఆనవాయితీ ఉంది. మన ఉప్పు సత్యాగ్రహం జరిగిన రెండేళ్లకే వాళ్ల దేశంలోనే ఇది జరిగిందని విన్న పెద్దవాళ్లు ఎంతమందో ఆశ్చర్యపోవడం చూశాను.

ఈడేల్ నచ్చి ఇంకోసారి వెళ్దామంటే లేక్ డిస్ట్రిక్ట్‌లో గ్రేట్ లాంగ్‌డేల్ లోయ చూడండి. ఆంబుల్‌సైడ్ నుంచి 516 బస్సు లోయ చివర ఓల్డ్ డంజన్ గిల్ దాకా వెళ్తుంది. అక్కడి హైకర్స్ బార్ పూర్వం పశువుల కొట్టం, ఆవుల్ని కట్టేసిన అడ్డుగోడలు అలాగే ఉంచి మధ్యలో బల్లలు వేశారు. కొండలెక్కేవాళ్ల అడ్డా అది, సోకులేమీ ఉండవు. పెద్దవాళ్లకి బస్సు దిగిన చోటే చుట్టూ శిఖరాలు కనిపిస్తాయి, నడవకపోయినా నష్టం లేదు. బ్రిటన్‌లో అన్నిటికంటే ఎత్తున ఉన్న పబ్ టాన్ హిల్ ఇన్, యార్క్‌షైర్ డేల్స్‌లో 528 మీటర్ల మీద ఉంది. దానికి కారు కావాలి, చుట్టూ బీడు తప్ప ఏమీ ఉండదు. 2021 నవంబరులో తుపాను మంచుకి అరవై మందికి పైగా జనం అందులో మూడు రాత్రులు చిక్కుకుపోయారు. శీతాకాలంలో అమ్మానాన్నలతో అటు వద్దు.

టిప్పు సంగతి కూడా అడిగారు. బార్ దగ్గర కట్టి తెచ్చుకున్నదానికి ఇవ్వక్కర్లేదు. టేబుల్ దగ్గరికి వచ్చి వడ్డించి, అమ్మగారి కోసం వంటగదికి రెండుసార్లు తిరిగిన అమ్మాయో అబ్బాయో ఉంటే పది శాతం దాకా ఇవ్వండి. బిల్లులో సర్వీస్ ఛార్జ్ ముందే వేశారేమో ఒకసారి చూసుకోండి. పన్నెండున్నరకి కూర్చుంటే రెండింటికి లేవగలరు. మూడింటి చుట్టుపక్కల రైలుంటే అదే ఎక్కండి. ఎండ కాసిన రోజు సాయంత్రం రైళ్లలో అమ్మానాన్నలకి సీటు దొరకడం కష్టం.